డబ్బాలోని చుట్టం

మనిషికి శత్రువులు ఆరుగురని పెద్దలు లెక్కగట్టి చెప్పారు. కామం, క్రోధం, లోభం, మోహం, మదం, మాత్సర్యం. ఆ లెక్క వేసినవారెవరో గాని వారికి వంటింటి సంగతి అంతగా తెలియదని నా అనుమానం. తెలిసుంటే ఏడోదాన్ని కూడా చేర్చి ఉండేవారు. అది స్టీలు డబ్బాలో ఉంటుంది. పై అరలో, కందిపప్పు డబ్బా వెనకాల. మూత తీస్తే చాలు, నేతి వాసనతో పలకరిస్తుంది.

నిజానికి దాన్ని శత్రువనడం కూడా అన్యాయమే. శత్రువైతే బాధే లేదు, తలుపేసుకుని కూర్చోవచ్చు. అది చుట్టం. గుమ్మంలోకి వచ్చిన చుట్టాన్ని పొమ్మనడం మన ఇళ్లల్లో ఎవరికి చేతనవుతుంది చెప్పండి? ఒళ్లు తగ్గించుకోవాలనుకునే ఇల్లాలి కష్టమంతా ఈ ఒక్క మాటలో ఉంది.

మన ఇళ్లల్లో తీపి ఎప్పుడూ ఒంటరిగా రాదు. ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని వస్తుంది. పిల్లాడు పరీక్ష ప్యాసయితే నోరు తీపి చెయ్యాలి. బండి కొంటే నోరు తీపి చెయ్యాలి. కొత్త కోడలు అత్తవారింటికి వెడితే వెనకాలే సారె వెడుతుంది. లడ్డూలూ, కాజాలూ, అరిసెలూ, మైసూరుపాకులూ వీధంతా పంచితేగాని పిల్ల కాపురానికి వచ్చినట్టు లెక్కలేదు. ఊళ్ల పేర్లు కూడా తీపి పేర్లయి కూర్చున్నాయి. తాపేశ్వరం అంటే మడత కాజా, కాకినాడ అంటే గొట్టం కాజా, బందరు అంటే లడ్డు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో సర్కారువారి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. తిరుపతి లడ్డుకైతే 2009లోనే దక్కింది. ఊరి నుంచి ఎవరైనా వస్తూ చేతిలో ఓ అట్టపెట్టె పట్టుకొచ్చారంటే, వాళ్లు తెచ్చింది తీపి కాదు, ఊరు. దాన్ని 'వద్దండీ' అన్నామా, ఊరినే వద్దన్నట్టు!

ఈ విచారం నాకు ఊరికే పట్టుకోలేదు. మా అమ్మకి పాతికేళ్లుగా షుగరు. ఆవిడ కాలి వేలికి చిన్న దెబ్బ తగిలినా ఇల్లంతా గడగడలాడడం చూస్తూ పెరిగినదాన్ని. అందుకని నలభై దాటిన దగ్గర్నుంచీ నేనూ ఏటా రక్తం ఇచ్చి వస్తున్నాను. పోయినేడు ఆ మూడు నెలల సగటు చూపించే పరీక్షలో 6 అని వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా హద్దు మీద ఉన్నట్టు, 6.5 చేరితే జబ్బు కింద జమ.

"గట్టు మీద నిలబడ్డారమ్మా. ఏ వైపు అడుగేస్తారో మీ చేతిలో ఉంది," అన్నారు డాక్టరమ్మగారు. అయిదారు కిలోలు తగ్గమన్నారు. రోజూ నడవమన్నారు.

ఈ గట్టు మీద నేనొక్కదాన్నే లేను. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా తిరిగి చేసిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మన దేశంలో షుగరు ఉన్నవాళ్లు సుమారు 10 కోట్ల 10 లక్షలు, గట్టు మీద ఉన్నవాళ్లు 13 కోట్ల 60 లక్షలు అని తేల్చారు. అయితే గట్టు మీద నుంచి వెనక్కి రావచ్చు. అమెరికాలో 2002లో ప్రచురించిన ఒక పెద్ద పరిశీలనలో, ఇలాంటివాళ్లచేత ఒంటి బరువులో నూటికి ఏడు వంతులు తగ్గించే ప్రయత్నం, వారానికి 150 నిమిషాల నడక చేయించారు. మామూలు సలహాతో సరిపెట్టినవాళ్లతో పోలిస్తే వాళ్లలో జబ్బు రావడం 58 శాతం తగ్గింది. అంటే తిరుగుదారి ఉంది. కాకపోతే ఆ దారి సరిగ్గా మన పై అర కింద నుంచే పోతుంది.

మా అత్తగారు ఏటా సంక్రాంతికి కోనసీమ నుంచి సున్నుండలు పంపుతారు. ఇంట్లో కాచిన నెయ్యి, తిరగట్లో విసిరిన మినపపిండి. ఒక్కోటి నిమ్మకాయంత. చేత్తో చుట్టిన గుర్తుగా దాని మీద ఆవిడ వేళ్ల నొక్కులు కూడా కనిపిస్తాయి. ఈసారి పండక్కి ముందే ఫోను చేశాను.

"అత్తయ్యగారూ, ఈసారి ఓ పాతిక చాలండి."

"పాతికా? పాతిక ఏ మూలకే? పిల్లలున్నారు, వచ్చేపోయేవాళ్లున్నారు. అయినా ఇదేమైనా బజారు సరుకా? ఒంటికి బలం."

"బలమేనండీ. ఆ బలమే కాస్త ఎక్కువైందంటున్నారు డాక్టరుగారు."

అవతల కాసేపు మాట లేదు. తరవాత మెల్లిగా, "నువ్వు తినకపోతే నేను చేయడం ఎందుకే?" అన్నారు.

ఇదీ అసలు ప్రశ్న. కేలరీల పట్టికలో దీనికి జవాబు లేదు. పట్టిక ఏం చెబుతుందో నాకు తెలుసు. ఆ పాటి సున్నుండ 40 గ్రాములు తూగుతుంది. అందులో నెయ్యి 10 గ్రాములనుకుంటే, గ్రాముకి 9 చొప్పున 90 కేలరీలు. బెల్లమో చక్కెరో 15 గ్రాములు, గ్రాముకి సుమారు 4 చొప్పున 60. మిగిలిన మినపపిండికి ఓ 50. వెరసి రెండు వందలు. నాలుగు తింటే ఒక పూట భోజనమంత, కాకపోతే భోజనం చేసినట్టే ఉండదు. 'బెల్లంతో చేసింది, ఏం కాదు' అనే మాట మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాం గాని, ఆ విషయంలో బెల్లానికీ చక్కెరకీ తేడా అతి స్వల్పం. విడిగా కలుపుకునే చక్కెర రోజుకి 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు దాటకపోతే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. పొద్దున్న రెండు కాఫీలూ, మధ్యాహ్నం ఒక సున్నుండా అయ్యేసరికి ఆ ఖాతా దాదాపు మూసేసినట్టే.

ఇదంతా తెలుసు. తెలిసీ చెయ్యి పై అర వైపు ఎందుకు పోతుంది?

ఈ ప్రశ్న మన వంటింట్లో పుట్టింది కాదు. రెండువేల నాలుగు వందల ఏళ్ల కిందటే గ్రీకు దేశంలో పెద్దలు దీని మీద తగువు పడ్డారు. మంచేదో నిజంగా తెలిసినవాడు చెడు చెయ్యడు, చేశాడంటే తెలియకే అన్నాడు సోక్రటీసు. పాపం, ఆయన అరిసెల పాకం వాసన చూసి ఉండడు. తరవాత వచ్చిన అరిస్టాటిల్ కాస్త ఇల్లూ వాకిలీ తెలిసినవాడిలా మాట్లాడాడు. తెలిసీ చేస్తారు, కాని ఆ క్షణంలో ఆ తెలివి నిద్రపోతున్నవాడి తెలివిలా, తాగినవాడి తెలివిలా ఉంటుందన్నాడు. దానికి ఆయన తీసుకున్న ఉదాహరణ ఏమిటనుకున్నారు? తీపే! తీపి వస్తువు రుచి చూడదగినదన్న తలపు ఒకటి మనసులో ఉంది, ఎదురుగా ఉన్నది తీపి అని కళ్లు చెప్పాయి. ఇక మధ్యలో ఎవరూ అడ్డుచెప్పకపోతే చెయ్యి దానంతటదే కదులుతుందట. ఎవరైనా అడ్డుచెబుదామంటే, మధ్యాహ్నం మూడింటికి ఇంట్లో ఎవరుంటారండీ?

మన గీతలోనూ ఈ సంగతి ఉంది. ఉపవాసం ఉన్నవాడికి విషయాలు దూరమవుతాయి గాని వాటి మీద రుచి పోదని రెండో అధ్యాయం ఒప్పుకుంటుంది. అతిగా తినేవాడికీ యోగం కుదరదు, బొత్తిగా తిననివాడికీ కుదరదని ఆరో అధ్యాయం చెబుతుంది. నాకు ఇందులో పెద్ద ఓదార్పు కనిపిస్తుంది. సున్నుండ చూడగానే నోరూరడం తప్పు కాదన్నమాట. అది ఉంటుంది. మహామహులకే అంత తేలిగ్గా పోదని పెద్దలే ఒప్పుకున్నాక, మనం 'ఛీ, నాకు మనసు మీద అదుపే లేదు' అని కుమిలిపోవడం దండుగ.

మరి అదుపు ఎక్కడుంది? అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి బాలవిహార్‌లో 1960ల చివర, 1970ల మొదట్లో వాల్టర్ మిషెల్ అనే ఆచార్యుడు చిన్నపిల్లల మీద ఒక ముచ్చటైన ప్రయోగం చేశాడు. ఇప్పుడే తింటే ఒక మిఠాయి, నేను తిరిగొచ్చేదాకా ఆగితే రెండు అన్నాడు. మిఠాయి కంటికి ఎదురుగా ఉన్నప్పుడు పిల్లలు ఎక్కువసేపు ఆగలేకపోయారు. కంటికి కనిపించకుండా మూసిపెట్టినప్పుడు చాలాసేపు ఆగారు. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక బాగా రాణించారని ఆ తరవాత చాలామంది చెప్పుకున్నారు. 2018లో ఇంకొందరు ఎక్కువమంది పిల్లలతో మళ్లీ చూస్తే ఆ తేడా చాలా చిన్నదిగా తేలింది. పిల్లల ఇంటి పరిస్థితులు కూడా లెక్కలోకి తీసుకుంటే మరీ చిన్నదైపోయింది. అంటే గొప్పతనమంతా పిల్లవాడి పళ్ల బిగువులో లేదు. సగం గిన్నె మీది మూతలో ఉంది, సగం ఇంట్లో ఉంది.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. నిగ్రహం అనేదాన్ని మనం ఒంటరి మనిషి మీద పెట్టేసి, ఆవిడ ఓడితే నవ్వుతాం. కాని ఇంట్లో తీపి ఎంత ఉండాలి, ఎక్కడుండాలి, ఎప్పుడు బయటికి రావాలి అనేది ఇల్లంతా కలిసి చేసే నిర్ణయం. తెరిచిన డబ్బా ముందు నిలబడి యుద్ధం చేసేవాళ్లలో నెగ్గేవాళ్లు తక్కువ. డబ్బా కొనేటప్పుడే, నింపేటప్పుడే, అర మీద పెట్టేటప్పుడే సగం యుద్ధం అయిపోవాలి.

అయితే ఇక్కడ న్యాయం మాట కూడా ఉంది. మావారు చెరుకుగడలా ఉంటారు. ఏం తిన్నా ఆయన ఒంటికి పట్టదు. "నీ కోసం మేమందరం ఉపవాసం చెయ్యాలా?" అన్నారు నవ్వుతూనే. అడగాల్సిన ప్రశ్నే. నా రక్తపరీక్ష చూపించి పిల్లల సంక్రాంతిని చేదు చేసే హక్కు నాకు లేదు. అలాగని, అందరూ తింటూ ఉంటే నేనొక్కదాన్నే వండి, సర్ది, మూతపెట్టి, చేతులు కడుక్కుని యోగినిలా కూర్చోవాలనే హక్కు వాళ్లకీ లేదు. చివరికి మేము కుదుర్చుకున్నది సాదాగా ఉంది. తీపి ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, అందరం కూర్చున్నప్పుడు బయటికి వస్తుంది. పళ్లెంలో పెట్టుకుని తింటాం. తలా ఒకటి. పిల్లలు కావాలంటే రెండు. మిగిలిన రోజుల్లో అది అటక మీద, ముక్కాలిపీట వేసుకుంటేగాని అందని చోట. తాళం లేదు, తాళం చెవి ఎవరి కొంగునా లేదు. ముక్కాలిపీట తెచ్చుకునేలోగా, అరిస్టాటిల్ చెప్పిన ఆ నిద్రపోయిన తెలివి ఒకసారి కళ్లు నులుముకుంటుంది. అంత వ్యవధి చాలు.

అత్తగారి ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే దొరికింది నాకు. పార్సిలు వచ్చిన రోజు ఒక సున్నుండ పళ్లెంలో పెట్టుకుని ఆవిడకి ఫోను చేస్తాను. తింటూనే మాట్లాడతాను. ఈసారి మినుములు ఎక్కడివి, నెయ్యి ఏ గేదెది, చేతినొప్పి తగ్గిందా, పక్కింటి పెళ్లి ఏమైంది. ఆ ఒక్క సున్నుండా పావుగంట పడుతుంది. మొన్న ఆవిడే అన్నారు, "పోనీలేవే, నువ్వు తినడం నా చెవులారా విన్నాను" అని. వచ్చే ఏటికి ఇరవై చాలంటారా అని కూడా అడిగారు!

అందుకే అంటాను. మొదటి సున్నుండ చేసిన చేతిది. అది తినాలి, ఆవిడని తలుచుకుంటూ తినాలి. రెండోది నాలుకది, దానితో బేరం ఆడవచ్చు. మూడోది అలవాటుది. రాత్రి పదకొండింటికి దీపం కూడా వెయ్యకుండా, నిలబడి, నమిలీ నమలకుండా మింగే నాలుగోది ఎవరిదీ కాదు. అందులో అత్తగారు లేరు, ఊరు లేదు, పండగ లేదు. వట్టి చక్కెర, వట్టి నెయ్యి. దాన్ని వద్దంటే ఎవరి ప్రేమనీ వద్దన్నట్టు కాదు.

ఇంకో చిక్కుంది. అది మరీ ఆడవాళ్ల చిక్కు. పిల్లాడు సగం కొరికి వదిలిన జాంగ్రీ. గిన్నె అడుగున గరిటెడు పరమాన్నం. రేపటికి పాడైపోయే ఆఖరి బొబ్బట్టు. పారేయడానికి చేతులు రావు. అన్నం పరబ్రహ్మ స్వరూపమని విని పెరిగినవాళ్లం. అందుకని గిన్నె కడిగే ముందు అదంతా మన నోట్లో వేసుకుంటాం. ఒక్కసారి ఆలోచించండి. ఆకలి లేని కడుపులో వేసినంత మాత్రాన అది వృథా కాకుండా పోయిందా? చెత్తబుట్టలో పడితే ఒకటే నష్టం. అక్కర్లేని ఒంట్లో పడితే వస్తువూ పోయింది, ఒళ్లూ పోయింది. ఇల్లాలు ఇంటికి లక్ష్మి అంటారు గాని, ఇంటికి చెత్తబుట్ట అని ఏ శాస్త్రంలోనూ లేదు కదా! వృథా వద్దనుకుంటే దానికి వేళ పొయ్యి వెలిగించే ముందు. శేరు పాయసం బదులు అరశేరు చేస్తే మిగిలేది ఉండదు.

"పనమ్మాయికి ఇచ్చేస్తే పోలా?" అంటారు కొందరు. ఇవ్వండి, మంచిదే. కాని మనకి చెడ్డదని తెలిశాక, నాలుగో రోజున, వాసన మారబోయే ముందు ఆ పిల్ల చేతిలో పోసి పుణ్యం కట్టుకోవడం నాకు మింగుడు పడదు. షుగరుకి మేడా గుడిసే అన్న తేడా లేదు. ఇచ్చేదేదో చేసిన రోజునే, మన పిల్లలకి పెట్టినట్టే, "తింటావా అమ్మా, ఇంటికి పట్టుకెడతావా?" అని అడిగి ఇస్తే అది పెట్టడం. లేకపోతే అది పారేయడమే, కాకపోతే మనిషి మీద పారేయడం.

ఒకరి నిగ్రహానికి ఇంకొకరు పోలీసు కావడం కూడా నేను ఒప్పుకోను. ఒక పెళ్లి విందులో చూశాను. అరవై దాటిన పెద్దావిడ, పట్టుచీర కట్టుకుని పంక్తిలో కూర్చుంది. వడ్డించేవాడు లడ్డు వెయ్యబోతుంటే నాలుగు విస్తళ్ల అవతల నుంచి కొడుకు కేకేశాడు, "అమ్మకి వెయ్యకండి, షుగరు!" పంక్తంతా అటు తిరిగింది. ఆవిడ చెయ్యి విస్తరి మీద అడ్డం పెట్టి తలవంచుకుంది. ఆ తరవాత అన్నం కూడా సరిగా కలపలేదు. కొడుక్కి తల్లి మీద ప్రేమే, సందేహం లేదు. కాని అరవై ఏళ్ల మనిషిని పదిమందిలో పాపాయిని చేశాక ఆవిడ రక్తంలో చక్కెర ఎంత దిగిందో గాని, మనసులో చేదు మాత్రం ఎక్కింది. ఆ మాట ఇంట్లో, బయల్దేరే ముందు, చెవిలో చెప్పవలసిన మాట.

దీనికి అవతలి ఒడ్డున ఉన్నవాళ్లు 'ఒక్కటి తింటే ఏం కాదు' వాళ్లు. 'నా మీద ఒట్టు' వాళ్లు. మనం చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి వేసేవాళ్లు. ఒక్కటి తింటే ఏం కాకపోవచ్చు. కాని ఆ మాట ఆ రోజు పది ఇళ్లల్లో విన్నవాళ్లకి పది ఒక్కటిలు! అతిథికి పెట్టడం మన ధర్మం, వద్దనడం అతిథి హక్కు. ఒకసారి అడగాలి, మొహమాటపడుతున్నారేమోనని రెండోసారి అడగాలి. మూడోసారి అడిగితే అది మర్యాద కాదు, మొండితనం.

చివరగా ఒక మాట. సన్నగా ఉండడం సుగుణమూ కాదు, లావుగా ఉండడం దుర్గుణమూ కాదు. మావారు రోజూ రెండు తిన్నా ఎవరూ ఆయనకి నిగ్రహం గురించి పాఠం చెప్పరు. ఆయన ఒంటి తీరు అలాంటిది, అంతే. అలాగని సన్నవాళ్లు నిశ్చింతగా ఉండడానికీ లేదు. మన దేశపు వాళ్లకి పాశ్చాత్యుల కంటే తక్కువ బరువులోనే ఈ జబ్బు తగులుకుంటుంది. అందుకే మన వైద్యులు ఆడవాళ్ల నడుము 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడమంటారు. అది పాత చీరల దుకాణం టేపుతో కూడా తెలిసిపోయే సంగతి. దానికి సిగ్గు అక్కర్లేదు, లెక్క చాలు. నేను బరువు చూసుకుంటున్నది అద్దం కోసం కాదు. మా అమ్మ కాలి వేలు నాకు గుర్తుంది, అందుకు.

మన భాషలో 'చుట్టపుచూపు' అని ఒక చక్కని మాట ఉంది. చుట్టం చుట్టపుచూపుగా వచ్చినంతకాలం ఇంటికి అందం. పీట వేస్తాం, పలకరిస్తాం, మళ్లీ ఎప్పుడొస్తారని అడుగుతాం. అదే చుట్టం పై అరలో కాపురం పెట్టేస్తే, ఎంత దగ్గరివాడైనా, ముందు తగ్గేది మర్యాదే. తీపి మీద నాకు ఇంకా మర్యాద ఉంది. అది తగ్గకుండా ఉండాలనే నా ఆరాటమంతా.